రెండుసార్లు ‘ఆగే’

హనుమకొండ,
దీపావళి మర్నాడు.

ప్రియమైన తమ్మీ,

మీకు మోత మోయడానికి చేసిన మా బండి నిన్న లారీ ఎక్కింది. మేము దానికి కాగితాల మీద ఏదో గొప్ప పేరు పెట్టాం గానీ, అమ్మ మాత్రం ఇనుప గాడిద అనే అంటుంది. సాగనంపడానికి ఆటో మాట్లాడుకుని మరీ షెడ్డుకు వచ్చింది. కొబ్బరికాయ కొట్టింది. కెమెరా అద్దానికి బొట్టు పెట్టబోతే మావాళ్లు లబోదిబోమన్నారు. దీని చెవి ఎక్కడుందే అని నన్ను అడిగింది. నడిపే సిపాయి మెడకు కట్టుకునే మైకే దాని చెవి అని చెబితే, ఆ మైకు నోటి దగ్గర పెట్టుకుని, “నా కొడుకు గక్కడ సలికి సచ్చిపోతాండు. ఆని మోత నువ్వు మొయ్యి. జర పైలంగ సూసుకో” అని అప్పజెప్పింది. అందరూ నవ్వారు. మా చంద్రమౌళి సార్ ఒక్కరే నవ్వలేదు. తండ్రి బట్టల దుకాణం వదిలేసి ఈ బండి కోసం కంపెనీ పెట్టిన మనిషి కదా, కూతురిని అత్తారింటికి పంపుతున్నట్టు నిలబడ్డారు.

ఇక్కడి మైదానంలో ఎన్ని పరీక్షలు నెగ్గినా లెక్కలోకి రాదు. మీ మంచులో మీరు నడిపి సరే అంటేనే సైన్యం తీసుకుంటుంది. లేకపోతే అది మా షెడ్డులో బొమ్మగా మిగిలిపోతుంది. మీ యూనిట్‌కే పంపుతున్నారని, నడపడానికి నువ్వే ముందుగా చెయ్యెత్తావని తెలిసి సంతోషించాను, భయపడ్డాను కూడా.

నీకు అక్కడ నేర్పిస్తారులే, అయినా చెప్పకుండా ఉండలేను. ఆ చలిలో గ్లౌజుల చేతులతో బటన్లు నొక్కలేరని మాటలతో నడిచేలా చేశాం. మీరంతా కలిసి మాట్లాడుకునేది హిందీ కాబట్టి మాటలన్నీ హిందీలోనే ఎంచాను. ‘ఆగే’ అంటే ముందుకు పోతుంది, ‘పీఛే’ అంటే వెనక్కి, ‘రుకో’ అంటే నిలబడుతుంది. అడ్డంగా మనిషి కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే ఆగుతుంది. మంచు కుప్పను కూడా మనిషనుకుని మొండికేస్తే, ‘ఆగే, ఆగే’ అని వెంటవెంటనే రెండుసార్లు అను. అడ్డాన్ని లెక్కచేయకుండా తోసుకుంటూ పోతుంది. మీవాళ్లు పట్టుబట్టి అడిగితేనే అది పెట్టాం.

చెవులకు టోపీ కట్టుకో. వెల్లుల్లి కారం పంపాను, ఒక్కడివే తినకు.

నీ అక్క,
యమున

*

పోస్టు నుంచి (ఏ పోస్టో రాయకూడదు),
కార్తీకంలో ఏదో ఒక రోజు.

ప్రియమైన అక్కా,

ఫోన్లు కింద బేస్‌లోనే తీసేసుకుంటారు కాబట్టి ఉత్తరమే గతి. రేషన్ తెచ్చేవాళ్లతో పైకి వస్తుంది, వాళ్లతోనే కిందికి పోతుంది. అందుకని నా జవాబు ఆలస్యమైతే అమ్మను సముదాయించు.

నీ బండి అద్భుతంగా ఉంది. పొగడ్త అనుకోకు. ఇక్కడ కిరోసిన్ డబ్బా వీపున వేసుకుని ఆ ఎత్తు ఎక్కితే, పైకి చేరాక చాలాసేపు మనిషి మాట్లాడలేడు. పోయిన చలికాలం అలా ఎక్కుతూనే మావాడొకడు కూర్చుని మళ్లీ లేవలేదు. ఇప్పుడు ఆ డబ్బాలన్నీ నీ బండి మీద. మేము పక్కన చేతులూపుకుంటూ నడుస్తున్నాం. మాకే సిగ్గుగా ఉంది.

నాకు జోడీ ఓంప్రకాశ్. రాజస్థాన్ వాడు. ఒకసారి నేను మెడదాకా మంచులో కూరుకుపోతే తాడు వేసి లాగినవాడని రాశానే, వాడే. వాడు బండి పక్కన తాడు పట్టుకుని మోత ఒరగకుండా చూస్తాడు, నేను వెనక నుంచి నడుపుతాను. ఒంటెల మధ్య పుట్టాను, నాకు గాడిదలను తోలడం నేర్పుతావా అంటాడు. మా అక్క చేసిన బండి అని నేను అందరికీ డప్పు కొట్టుకోవడంతో దాని పేరే అక్క అయిపోయింది. పొద్దున్నే “నీ అక్కను లేపు” అంటారు. నీకు కోపం రాదుగా?

మంచు కుప్పల దగ్గర మొండికేయడం నిజమే. ‘ఆగే, ఆగే’ అంటే తోసుకుపోతోంది. నా హిందీ దానికి బాగా అర్థమవుతోంది. ఎందుకు కాదు మరి, ఈమధ్య నాకు కలలు కూడా హిందీలోనే వస్తున్నాయి.

నీ కారం ఓంప్రకాశే సగం తిన్నాడు.

నీ తమ్ముడు,
ఉదయ్

*

పోస్టు,
డిసెంబర్.

అక్కా,

ఇది సెలవు మీద దిగుతున్న మనిషి చేతికి ఇస్తున్నాను. అమ్మకు చదివి వినిపించకు.

ఓంప్రకాశ్ కాలు పోయింది. మోకాలి కింద నుజ్జయింది, దవాఖానకు చేర్చాక తీసేశారు.

వాలు మీద దిగుతున్నాం. వాడు పక్కన తాడు పట్టుకుని ఉన్నాడు. మోత వాడి వైపు ఒరగడం చూశాను. బండిని ఆపమని అరిచాను. అది ఆగలేదు, ఒక్కసారిగా వేగం అందుకుంది. మంచు ఎగిరి ఏమీ కనబడలేదు. తేరుకుని చూసేసరికి పక్కనుండాల్సినవాడు బండి కింద ఉన్నాడు. దాని ముందుకు ఎలా వచ్చాడో నాకు తెలియదు.

విచారణ వేశారు. బండిలోని రికార్డు తీసి చూపించారు. అందులో నేను అన్నది ‘ఆగే’, ‘ఆగే’ అని ఉంది. రెండుసార్లు. నేను ఆపమన్నాను అక్కా. రుకో అనే అని ఉంటాను. ఇంకేమంటాను? పక్కనే నా స్నేహితుడు ఉంటే ముందుకు పొమ్మని ఎందుకంటాను?

నీ బండి అబద్ధం చెబుతుందా? ఒక్క మాట రాయి.

ఉదయ్

*

హనుమకొండ,
క్రిస్మస్ సెలవుల్లో.

ప్రియమైన తమ్మీ,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అమ్మకు చెప్పలేదు. సర్వపిండి చేసి పంపుదామంటూ తట్టల నిండా పిండి కలుపుతోంది, చూస్తూ ఊరుకున్నాను.

బండి నీ గొంతును దాచుకోదు. విన్న మాట ఏదని తనకు అర్థమైందో అది మాత్రమే రాసుకుంటుంది. ఆ రికార్డు మాకూ పంపారు. ‘రుకో’ను ‘ఆగే’ అని పొరబడే అవకాశం ఉందా అని అన్ని గొంతులతో, గాలి హోరు పెట్టి, ఫ్యాన్ల ముందు నిలబడి పరీక్షించాను. ఒక్కసారి కూడా పొరబడలేదు. ఆ రెండు మాటలకూ పోలికే లేదు. నువ్వు అబద్ధం చెప్పవు. దానికి అబద్ధం చెప్పడం రాదు. మధ్యలో నాకు పిచ్చెక్కుతోంది.

బండి చెప్పినట్టే విన్నది, తప్పు నడిపినవాడిదేనని కంపెనీ తరఫున నేను సంతకం పెట్టాలి. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్దను నేనే కదా. చంద్రమౌళి సార్ నన్ను కూర్చోబెట్టి, “ఇప్పుడు పాసైతే వచ్చే సలికాలానికి ప్రతి పోస్టుల ఒక బండి ఉంటది యమునా. ఇప్పుడు ఎనుకకు తీస్కుంటె ఇంకెన్నేండ్లు పడ్తదో ఎవలకెరుక? అప్పటిదాంక ఆ మోత మనుషుల ఈపు మీదనే గదా” అన్నారు. నువ్వు రాసిన ఆ లేవని మనిషి గుర్తొచ్చాడు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను.

కానీ సంతకం పెడితే నీ ఉద్యోగం పోతుంది. అంతకన్నా, నువ్వు స్నేహితుడి మీదికి బండి తోలావని కాగితం మీద నేనే రాసినట్టు అవుతుంది. అది నా వల్ల కాదు. నేను కోప్పడను, ఉన్నదున్నట్టు రాయి. ఆ క్షణాన నీ నోట్లోంచి ఏ మాట వచ్చింది?

నీ జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న
నీ అక్క

*

బేస్ నుంచి,
కొత్త సంవత్సరం.

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అది వచ్చేలోగానే నీకు ఇది చెప్పాలి. నేను ఒప్పుకున్నాను. ‘ఆగే’ అన్నది నేనేనని విచారణలో చెప్పి సంతకం చేశాను.

ఎందుకంటావేమో. ఓంప్రకాశ్ వాంగ్మూలం చదివి వినిపించారు. ఉదయ్ ‘ఆగే’ అని అరిచాడు, నా చెవులారా విన్నాను అన్నాడట. అంతే చెప్పాడట, ఇంకేమీ చెప్పడానికి ఇష్టపడలేదట. యంత్రం ఒక మాట, నేనొక మాట అయితే నేను కొట్లాడేవాణ్ణి. వాడు కూడా అదే అన్నాక ఎలా కాదనను? వాడు నా మీద అబద్ధం చెప్పడు.

చూడటానికి దవాఖానకు వెళ్లాను. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. వచ్చేశాను.

అక్కా, ఆ పొద్దున మేము గొడవపడ్డాం. ముందు నాకు రావాల్సిన సెలవు వాడికి ఇచ్చారు. అమ్మను చూడాలని నేను ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానో నీకు తెలుసు. పై అధికారిని కాకా పట్టావని వాడిని నానా మాటలూ అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు అదే నన్ను తినేస్తోంది. నాకు తెలియకుండా నాలోపల ఎక్కడో అంత కసి ఉందా? అందుకే ఆ మాట వచ్చిందా? లేకపోతే అన్నది నేనే అయినప్పుడు నాకెందుకు గుర్తులేదు? కళ్లు మూసుకుంటే నేను ‘ఆపు’ అనుకోవడమే గుర్తుంది. నోరు వేరే మాట అంది. నా నోరంటే నాకే భయంగా ఉంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

నీ బండిలో ఏ లోపమూ లేదు. సంతకం పెట్టు, దాన్ని పైకి రానీ. తప్పు నాదే.

ఉదయ్

*

హనుమకొండ,
సంక్రాంతి వెళ్లాక.

నా బంగారు తమ్మీ,

ముందు నిమ్మళంగా కూర్చో. తర్వాత చదువు.

నీ ఉత్తరం నా బ్యాగులో ఉండగానే ఇది జరిగింది. అమ్మను స్కూటర్ మీద ఎక్కించుకుని చౌరస్తా మీదుగా వస్తున్నాను. నా మనసు ఇక్కడ లేదు. ఎదురుగా ఒక లారీ వెనక్కి వస్తుంటే చూడలేదు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుని అరిచింది: “ఆగే! యమునా, ఆగే!”

బ్రేకు వేశాను. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు, ఎవరో తిట్టారు. నేను స్కూటర్ దిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయేమోనని అమ్మ సోడా తెప్పించింది.

ఆగే. మన ఇంట్లో ఆడపిల్లను ఆగమనాలంటే ఇంకేమంటారు ఉదయ్? చిన్నప్పుడు నర్సంపేటలో నా సైకిల్ వెంట పరుగెత్తుతూ, “ఆగే అక్కా, ఆగే” అని ఎంత ఏడ్చేవాడివి! ఆ బండికి నువ్వు అక్క అని పేరు పెట్టావు. మోత ఒరిగింది, స్నేహితుడికి ప్రమాదమని చూశావు, అక్కను ఆగమన్నావు. బండి సరిగ్గానే విన్నది. ఓంప్రకాశ్ సరిగ్గానే విన్నాడు. నువ్వు ఆపమన్నదీ నిజమే. ముగ్గురూ నిజమే చెప్పారు. నీలో కసి లేదు, ఏమీ లేదు. కలలు హిందీలో వస్తాయేమో గానీ, భయమేసినప్పుడు మనకు అమ్మ దగ్గర నేర్చిన మాటే వస్తుంది.

పుట్టినప్పటి నుంచి ‘ఆగే’ అంటే ఆగుతున్నదాన్ని, అదే మాటను ముందుకు పొమ్మనడానికి ఎంచాను. ఆఫీసులో కూర్చున్నప్పుడు అది నాకు హిందీ మాటలాగే వినిపించింది. మా పరీక్షల్లో అందరికీ ఏ మాట అనాలో ముందే చెప్పి, నింపాదిగా అనిపించాం. ఒక్క పరీక్షలో కూడా ఎవరూ భయపడలేదు.

చంద్రమౌళి సార్‌కు చెప్పాను. “అయితె బండి తప్పేముంది? అన్నది అన్నట్టే ఇన్నది గదా” అన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. ఆయనకు కోపం వచ్చింది. “నీ తమ్మున్ని బచాయించుకోవాలని చూస్తానవ్ యమునా, గంతే. రేపు ఎవలైనా గదే అంటరు” అన్నారు. నిజమే, ఎవరైనా అదే అంటారు. అందుకే సైన్యం తరఫున ఈ పరీక్షలు చూసే మేజర్ గారికి రాసి, వచ్చి కళ్లారా చూడమని అడిగాను. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చారు.

హంటర్ రోడ్డు వెనక మైదానంలో, మా షెడ్డులో మిగిలిన రెండో బండిని నిలబెట్టాం. అమ్మ మెడకు మైకు కట్టాను. ఎందుకో చెప్పలేదు, ఊరికే నిలబడి చూడమన్నాను. బండిని ఆపే స్విచ్ మేజర్ గారి చేతికిచ్చాను. మావాడొకడు మీట నొక్కి బండిని మెల్లగా కదిలించాడు. నేను దానికి వీపు పెట్టి ముందు నడిచాను, నడుస్తూ నడుస్తూ కావాలనే పడిపోయాను. అడ్డం కనిపిస్తే ఆగే బండే అది, అమ్మ నోరు తెరవకపోతే. ఆమె గొంతు చించుకుని, “ఆగే! ఆగే, నీ పాడుగాను!” అని అరిచింది. బండి వేగం అందుకుని నా మీదికి వచ్చింది. మేజర్ గారు స్విచ్ నొక్కేసరికి దాని చక్రాల పట్టా నా మడమను తాకింది.

అమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది. “సచ్చిపోదువు గదనే!” అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇక దాచలేక అంతా చెప్పాను. నువ్వెలా ఉన్నావని అడుగుతుందనుకున్నాను. “ఆ పిలగాని కాలు పోయిందని ఆళ్ల అవ్వకు ఎరుకేనా?” అని అడిగింది. నిన్ను అడిగి చెబుతానన్నాను.

బండిని వెనక్కి తీసుకుంటున్నారు. ఉత్త మాట మార్చడం చాలదని మేజర్ గారితో వాదించాను. ఇవాళ మన మాట దొరికింది, రేపు తమిళం వాడిదో మణిపూర్ వాడిదో దొరుకుతుంది. అందుకని ఇక మీదట మనిషి అరిస్తే ఆ అరుపు ఏ భాషదైనా, అందులో ఏ మాట ఉన్నా, బండి నిలబడిపోవాలి. మళ్లీ కదలాలంటే మామూలు గొంతుతో చెప్పాలి. దీనికి ఎంత కాలం పడుతుందో తెలియదు. షెడ్డులో సగం మందిని ఈ నెల నుంచి రావద్దన్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. సార్ తల పక్కకు తిప్పుకుని పోతున్నారు. మీ వీపుల మీదికి ఆ డబ్బాలు మళ్లీ ఎక్కించింది నేనేనని నాకు తెలుసు. అయినా నేను చేసింది సరైనదే. నాకు నిద్ర మాత్రం పట్టడం లేదు.

విచారణ మళ్లీ తెరవమని మేజర్ గారు రాశారు. అది వాళ్లు చూసుకుంటారు. నువ్వు మాత్రం ముందు ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లు. తిట్టినా కొట్టినా సరే, ఈ ఉత్తరం వాడికి హిందీలో చెప్పు.

నిన్ను నీకన్నా ఎక్కువ ఎరిగిన
నీ అక్క

*

దవాఖాన దగ్గరి నుంచి,
మాఘం.

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి మా బ్యారక్ వెనకకు వెళ్లి ఏడ్చాను. చాలా రోజులకు నా గొంతు నాకు వినిపించింది. విచారణ మళ్లీ తెరిచారు. నాతో మాట్లాడించి రాసుకున్నారు, శిక్ష అయితే ప్రస్తుతానికి ఆగింది. పోయిన వారం నేనూ డబ్బా మోశాను. బరువుగానే ఉంది. ఎవరూ నిన్ను తిట్టలేదు, నీ మీద ప్రమాణం. ఒకడు మాత్రం “అక్క ఎప్పుడొస్తుంది?” అని అడిగాడు.

ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లాను. మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఈసారి నేను వచ్చేయలేదు. నీ ఉత్తరం మొదటి నుంచీ హిందీలో చెప్పుకుంటూ పోయాను, సైకిలూ, స్కూటరూ, అమ్మ అరుపూ అన్నీ. వాడు కదలకుండా విన్నాడు. చెప్పడం అయిపోయాక మాట్లాడాడు. ఆ మాటలు విచారణలో కూడా చెప్పలేదట.

“నేను పక్కనే ఉన్నాను ఉదయ్. కదలకపోతే నాకేమీ అయ్యేది కాదు. నువ్వు ‘ఆగే’ అని అరిచావు. నాతోనే అంటున్నావనుకున్నాను. మోత నా మీద పడబోతోందని, ముందుకు దూకమంటున్నావనుకుని దూకాను. నీ గొంతు వినబడితే నేనెప్పుడూ ఆలోచించలేదు. దూకాక అదే మాట మీద బండి కూడా వచ్చింది. పొద్దున కోపం పెట్టుకుని నన్ను కావాలనే దాని ముందుకు పిలిచావని, ఇన్నాళ్లూ ఈ మంచం మీద అదే ఆలోచించాను” అన్నాడు.

అక్కా, నీ బండి ఒక్కటే కాదు, వాడు కూడా నా మాట విన్నాడు. నా మాట విన్నందుకే వాడి కాలు పోయింది. నాలో కసి లేదని నువ్వు చెప్పినప్పుడు కలిగిన ఊరట, ఈ మాటతో సగం పోయింది. ఒకటి మాత్రం నీకు చెప్పాలి. నువ్వు ఇప్పుడు చేస్తానంటున్న బండి అయి ఉంటే, వాడు దూకినా నా అరుపుకు అది ఆగి ఉండేది. కాబట్టి ఎవరూ మాట్లాడకపోయినా నువ్వు చేస్తున్నది చెయ్యి.

వాడి మంచం దగ్గరే నిలబడ్డాను. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. వాడు గోడ వైపే ఉండి అడిగాడు:

“మీ భాషలో వెళ్లమనడానికి ఏమంటారు?”

“పో” అన్నాను.

“అయితే పో” అన్నాడు.

కోపంగా అన్నాడో, మునుపటిలా ఆట పట్టించడానికి అన్నాడో నాకు తెలియలేదు. ముఖం కనబడితే తెలిసేది. మంచం పక్కన స్టూలు ఉంటే లాక్కుని కూర్చున్నాను. మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా. నేను పోలేదు. నర్సు వచ్చి వేళ అయిపోయిందని చెప్పేదాకా అక్కడే కూర్చున్నాను. రేపు మళ్లీ వెళ్తున్నాను.

వాళ్లమ్మకు తెలుసునని అమ్మతో చెప్పు. ఆమె ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉంటోంది. నన్ను అన్నం తిన్నావా అని అడిగింది.

నీ తమ్ముడు,
ఉదయ్